ఏటి ఒడ్డున టెంట్ వేయాలంటే ఎవరిని అడగాలి? కాణిపాకం చుట్టుపక్కల ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

శనివారం ఉదయం చెన్నై నుంచో బెంగళూరు నుంచో బయల్దేరడం, మధ్యాహ్నానికి కాణిపాకం చేరుకుని వరసిద్ధి వినాయకుడిని దర్శించుకోవడం, ఆ రాత్రి ఏ డ్యాం పక్కనో జలపాతం దగ్గరో టెంట్‌లో గడిపి ఆదివారం ఇంటికి వెళ్లిపోవడం. వారాంతానికి ఇంతకంటే మంచి ప్లాన్ ఉండదనిపిస్తుంది. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే చుట్టూ నీలిరంగు మచ్చలు చాలానే కనిపిస్తాయి. టెంట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. రోడ్లు కూడా బాగున్నాయి.

దొరకనిది ఒక్కటే: టెంట్ వేసుకునే చోటు.

ఆ నీలిరంగు మచ్చల పక్కన ఉన్న నేల ఎవరిది? అక్కడ రాత్రి ఉండొచ్చని చెప్పే అధికారం ఎవరికి ఉంది? రాత్రిపూట నీళ్లు పెరిగితే, ఏనుగు వస్తే, పిల్లవాడు జారిపడితే ఎవరు వస్తారు? చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో నీటి పక్కన బస చేయాలనుకునేవారు బయల్దేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

క్యాంప్‌గ్రౌండ్ అంటే ఏంటి? మన దగ్గర ఉన్నాయా?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ మాట బాగా పరిచయం. అట్లాంటా పక్కన లేక్ లేనియర్ అనే పెద్ద జలాశయం ఉంది. దాన్ని నిర్వహించేది అక్కడి సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగం. ఒడ్డున అంకెలు వేసిన స్థలాలుంటాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే బుక్ చేసుకుని, మన టెంట్ మనం తీసుకెళ్లి వేసుకోవచ్చు. మంట వేసుకోవడానికి విడిగా చోటు, కుళాయి, మరుగుదొడ్డి, గస్తీ తిరిగే రేంజర్ ఉంటారు. ఆ విభాగం నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు గోల చేయకూడదు. 30 రోజుల వ్యవధిలో 14 రోజులకు మించి ఉండనివ్వరు.

అంటే జలాశయం కట్టిన శాఖే ఒడ్డున ఎవరు, ఎక్కడ, ఎన్ని రాత్రులు ఉన్నారో లెక్క పెట్టుకుంటుంది. గేట్లు ఎత్తాల్సి వస్తే ఎవరిని లేపాలో దానికి తెలుసు.

మన దగ్గర జలాశయాలను కట్టింది సాగుకు, తాగునీటికి. ఒడ్డున జనం రాత్రి ఉంటారన్న ఆలోచన ఆ ఏర్పాట్లలో లేదు. పర్యాటక శాఖ గదులు వేరు, అటవీ శాఖ బస వేరు, ప్రైవేటు టెంట్లు వేరు. మన టెంట్ మనం తీసుకెళ్లి, రుసుము కట్టి, కేటాయించిన చోట వేసుకునే పద్ధతి ఈ ప్రాంతంలో అలవాటులో లేదు. అందుకే ‘ఎక్కడ వేయొచ్చు’ అని అడిగే ముందు ‘ఈ ఒడ్డు ఎవరిది’ అని అడగాలి.

ఒడ్డు ఎవరిది?

ఈ రెండు జిల్లాల్లో నీటి పక్కన ఉన్న నేల సాధారణంగా నాలుగు రకాలు.

ఒకటి, అటవీ భూమి. జలపాతాలు, కోనలు, మడుగులు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967లోని సెక్షన్ 20 ప్రకారం నేరం. అభయారణ్యం, జాతీయ పార్కు అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కూడా వర్తిస్తుంది. పర్యాటకులు అనుమతితోనే లోపలికి వెళ్లాలి. ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జరిమానాను 2022 సవరణలో 25 వేల నుంచి లక్షకు పెంచారు.

రెండు, జలవనరుల శాఖ భూమి. డ్యాం కట్ట, గేట్లు, మొరవ, తూముల పరిసరాలు, నీరు నిండితే మునిగే ప్రాంతం ఈ శాఖ కిందికి వస్తాయి. వేసవిలో ఎండిపోయి మైదానంలా కనిపించే చోటు కూడా నిజానికి జలాశయం అడుగే.

మూడు, పోరంబోకు. ఏటి పోరంబోకు, చెరువు పోరంబోకు అని రెవెన్యూ రికార్డుల్లో రాసి ఉంటుంది. ‘ప్రభుత్వ భూమి కదా, అందరిదీ’ అనుకోవడం పొరపాటు. ఇక్కడ అడగాల్సింది తహసీల్దారు కార్యాలయంలో. ఊరికి ఆనుకుని ఉంటే పంచాయతీ వాళ్లకూ చెప్పాలి.

నాలుగు, పట్టా భూమి. నీటికి కాస్త ఎగువన ఉన్న మామిడి తోటలు, పొలాలు ఇందులోకి వస్తాయి. రైతు ఒప్పుకుంటే టెంట్ వేసుకోవడానికి చట్టపరంగా అన్నిటికంటే సులువైన చోటు ఇదే. చాలామందికి తట్టనిది కూడా ఇదే.

కాణిపాకంలోనే ఉండొచ్చా?

కాణిపాకం చిత్తూరుకు దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో, ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున ఉంది. తెగిన చేతులు ఈ నదిలో మునగగానే తిరిగి వచ్చాయని, అందుకే దీనికి బాహుదా అనే పేరు వచ్చిందని శంఖలిఖితుల కథ చెబుతుంది. నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. చదునుగా ఉందని ఆ ఇసుకలో టెంట్ వేయాలనిపిస్తుంది. కానీ అది నది నడిచే దారి. పైగా ఆలయ పరిసరం. ఇక్కడ రాత్రి బసకు దేవస్థానం వసతి గదులు, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. వినాయక చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం. దొరకలేదని ఏట్లోకి దిగకుండా చిత్తూరులో ఉండటం మేలు.

డ్యాంల దగ్గర?

పెనుమూరు మండలం కలవగుంట దగ్గరి ఎన్టీఆర్ జలాశయం, చంద్రగిరి వైపున్న కల్యాణి డ్యాం, పిచ్చాటూరులోని అరణియార్ జలాశయం పగలు చూసి రావడానికి బాగుంటాయి. రాత్రి ఉండటానికి కాదు. కల్యాణి డ్యాం తిరుపతి, తిరుమలకు తాగునీరిచ్చే జలాశయం. అక్కడ స్నానాలు, వంటలు, ప్లాస్టిక్ చెత్త అంటే మరొకరి కుళాయిలోకి వెళ్లేవే. కట్ట మీద మనకు కనిపించే లస్కర్‌కు అనుమతి ఇచ్చే అధికారం ఉండదు. అయినా ఆయన మాట వినాల్సిందే, ఎందుకంటే ఎగువన వాన పడిందో లేదో, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో అక్కడ ముందుగా తెలిసేది ఆయనకే.

తలకోన?

యెర్రావారిపాళెం మండలం నెరబైలు దగ్గర, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో ఉంది. 270 అడుగుల జలపాతం రాష్ట్రంలోనే ఎత్తైనదిగా పేరు పొందింది. ఈ చుట్టుపక్కల అడవి మధ్యలో అనుమతితో రాత్రి గడపడానికి మొదట చూడాల్సిన చోటు ఇదే. పర్యాటక శాఖ అతిథి గృహంతో పాటు, అటవీ శాఖ పర్యవేక్షణలో స్థానికుల వన సంరక్షణ సమితి నడిపే ఎకో టూరిజం బస ఉంది. మీరు కట్టే డబ్బులో కొంత ఆ ఊరివాళ్లకే చేరుతుంది. వెళ్లే ముందు గదుల సంగతి ఫోన్ చేసి కనుక్కోవాలి. గది దొరికిందంటే జలపాతం దగ్గర సొంతంగా టెంట్ వేసుకోవచ్చని అర్థం కాదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల కోసం రాత్రిపూట కూంబింగ్ జరుగుతుంటుంది. ఎవరికీ చెప్పకుండా లోపల టార్చిలైటు వెలిగించుకుని కూర్చుంటే ఎవరి కంట ఎలా పడతామో చెప్పలేం.

కైగల్?

పలమనేరు నుంచి కుప్పం వెళ్లే దారిలో, బైరెడ్డిపల్లె మండలంలో కైగల్ జలపాతం ఉంది. ఊరివాళ్లు దుముకురాళ్లు అంటారు. ఈ ప్రాంతమంతా కౌండిన్య అభయారణ్యం, అంటే ఏనుగుల ఇలాకా. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980ల్లో ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పొలాల మీద పడే గుంపులను మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉంచారు. ప్రభుత్వం శిక్షణ ఇచ్చిన ఏనుగులను పెట్టుకుని తిరగాల్సి వస్తున్న చోట, నైలాన్ గుడ్డ కింద పడుకోవడం ఎంతవరకు తెలివైన పనో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. పగలు వెళ్లి, చీకటి పడకముందే తిరిగి రావాలి.

ఉబ్బలమడుగు, నాగలాపురం కొండలు?

చెన్నై ట్రెక్కర్లకు ఇష్టమైన చోట్లు ఇవి. వరదయ్యపాళెం మండలంలోని ఉబ్బలమడుగును తడ జలపాతం అని కూడా పిలుస్తారు. రెండు చోట్లా ఉన్నది అటవీ భూమే. పైనుంచి చూస్తే మోకాటి లోతు అనిపించే మడుగులు లోపల నిలువెత్తును మించి ఉంటాయి. రాళ్లకు నాచు పట్టి ఉంటుంది. ఈతరాక, లేదా ఈత వచ్చనే ధీమాతో దిగి మునిగిపోయిన వార్తలు ఇక్కడి నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ అందని లోయల నుంచి ఒకరు బయటికి నడిచి వచ్చి చెప్పేదాకా సాయం కదలదు.

మరి టెంట్ ఎక్కడ దొరుకుతుంది?

కాణిపాకం నుంచి కడప మీదుగా దాదాపు ఐదు గంటలు ప్రయాణించగలిగితే గండికోట ఉంది. పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ వెళ్లిన లోయ పక్కన పర్యాటక శాఖ హరిత హోటల్, స్థానికులు, ప్రైవేటు నిర్వాహకులు అద్దెకిచ్చే టెంట్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అక్కడ జాగ్రత్త పడాల్సింది లోయ అంచు దగ్గర. రాత్రిపూట వందల అడుగుల లోతు కంటికి కనిపించదు.

నీరు లేకపోయినా చల్లటి గాలి చాలు అనుకుంటే మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ ఉంది. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తులో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ నడుపుతోంది. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలకు ఇది తేలిక.

పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలు. ఫ్లెమింగోలను చూడటానికి పగటి ప్రయాణం చాలు. బస సూళ్లూరుపేటలో చూసుకోవచ్చు.

నీరుండే కాలమే ప్రమాదకాలం

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జలపాతాలు ఫోన్ వీడియోల్లో అందంగా కనిపించేది ఆ రోజుల్లోనే. ఏరు ఉన్నట్టుండి పొంగేదీ ఆ రోజుల్లోనే. వాన మన నెత్తిన పడనక్కర్లేదు. కొండ మీద పడితే కోనలోకి నీళ్లు గంటల్లో దిగుతాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, నీటి చప్పుడు పెరిగినా సామాను సర్దుతూ కూర్చోకూడదు. వెంటనే గట్టుకు ఎక్కాలి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున ఉమ్మడి కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. అంతకు ముందు ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట కోతకు గురైంది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి ముప్పై మందికి పైనే. వాళ్లు పర్యాటకులు కారు. పుట్టినప్పటి నుంచి ఆ ఏటిని చూస్తున్న ఊళ్లవాళ్లు. వాళ్లకే అంత వరద అంతుబట్టలేదంటే, ఒక రాత్రికి వచ్చినవారికి ఏం తెలుస్తుంది?

వాన లేకపోయినా నీరు పెరగొచ్చు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులను ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారితో వెళ్లిన టూర్ నిర్వాహకుల తరఫు వ్యక్తి ఒకరు చనిపోయారు. వాళ్లు అక్కడ ఉన్న సంగతి గేట్లు ఎత్తేవాళ్లకు తెలియదు. గేట్లు ఎత్తుతున్న సంగతి వాళ్లకూ తెలియదు.

అడవిలోనూ అంతే. 2021 జనవరిలో కేరళలోని వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర ఒక రిసార్ట్ టెంట్లలో బస చేసిన పర్యాటకురాలు ఏనుగు దాడిలో చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలంలోని అడవిలో కాలినడకన వెళ్తున్న భక్తులపై ఏనుగుల గుంపు దాడి చేయడంతో ముగ్గురు మరణించారు. ఇది శేషాచలం అడవుల్లో, తలకోన ఉన్న కొండల వరసలోనే జరిగింది.

ఇక ఫిబ్రవరి నుంచి మే దాకా వానల భయం ఉండదు కానీ అడవి ఎండిపోయి ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఆ తర్వాతే తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. క్యాంప్‌ఫైర్ లేకపోతే క్యాంపింగే కాదనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అనుమతి ఎలా తీసుకోవాలి?

అటవీ భూమి అయితే ఆ పరిధిలోని ఫారెస్ట్ రేంజ్ అధికారి కార్యాలయాన్ని, అవసరమైతే డీఎఫ్‌వో కార్యాలయాన్ని అడగాలి. ఎంతమంది, ఏ తేదీ, ఏ దారిలో వెళ్లి ఏ దారిలో వస్తారు, రాత్రి ఉంటారా లేదా అన్నది స్పష్టంగా రాసివ్వాలి. చెక్‌పోస్టులో ఇచ్చే ప్రవేశ టికెట్ పగటి సందర్శనకే. దాన్ని రాత్రి బసకు అనుమతి అనుకోవద్దు.

ప్రైవేటు టెంట్ బుక్ చేసుకుంటే నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగండి. టెంట్లు వేసేది పట్టా భూమిలోనా, ప్రభుత్వ భూమిలోనా? అటవీ భూమి అయితే అనుమతి పత్రం ఫొటో పంపిస్తారా? నీటికి ఎంత దూరం, ఎంత ఎత్తు? రాత్రి కాపలా ఎవరు ఉంటారు, వాహనం ఉంటుందా? ‘అన్నీ మేం చూసుకుంటాం సార్’ అన్నది వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు కాదు.

రైతు తోటలో ఉంటే ఆయన ఫోన్ నంబరు, ఊరి పేరు ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఒక మాట చెప్పండి.

చాలామంది అనుమతిని రుసుము కట్టి తెచ్చుకునే కాగితంగానే చూస్తారు. నిజానికి మీరు అక్కడ ఉన్నారని ఒక అధికారికి తెలియడమే దానివల్ల కలిగే అసలు ప్రయోజనం. వరద హెచ్చరిక వచ్చినప్పుడు, ఏనుగులు దారి మార్చినప్పుడు ఫలానా చోట ఆరుగురు ఉన్నారని గుర్తు చేసుకునేవారు ఒకరుంటారు. చెప్పకుండా వెళ్తే వెతకడం మొదలయ్యేది మర్నాడు మీరు ఇంటికి రాలేదని తెలిశాకే.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

వాతావరణ శాఖ ఆ జిల్లాకు ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఇచ్చి ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. మీరు ఉండే చోటికే కాదు, ఎగువన ఉన్న మండలాలకూ చూడండి. పిడుగుల హెచ్చరికలకు ‘దామిని’ యాప్ ఉంది.

టెంట్‌ను ఏటి ఇసుకలో, ఎండిన వంకలో, డ్యాం దిగువన వేయకండి. గట్టు మీద గడ్డి, చెత్త చెట్ల కొమ్మలకు ఏ ఎత్తులో చిక్కుకుని ఉందో చూడండి. పోయినసారి నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. దానికి పైనే పడుకోవాలి.

చీకటి పడ్డాక నీళ్లలోకి దిగొద్దు. మద్యం తాగి అసలే దిగొద్దు. పిల్లలుంటే పెద్దల్లో ఒకరు ఫోన్ పక్కన పెట్టి వాళ్లనే చూస్తూ ఉండాలి.

ఏనుగులు తిరిగే చోట పనసపండు, అరటిపండ్లు, బెల్లం లాంటివి టెంట్‌లో పెట్టుకోవద్దు. ఏనుగు వాసన పసిగడుతుంది.

తీసుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ కవరూ, సీసా వెనక్కి తేవాలి. కోనల్లో చెత్త బండి తిరగదు.

అత్యవసరమైతే 112, అంబులెన్స్‌కు 108, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు 1070 లేదా 18004250101. సిగ్నల్ పోయే చోటికి వెళ్లే ముందే మీ లొకేషన్, తిరిగొచ్చే సమయం ఒకరికి పంపండి. ఆ సమయం దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.